బాబాయి చూడని డ్రాయింగుకు ‘చూశాను’ అని నేనే నొక్కాను

ఈ వారం ఉత్తరం కోనసీమ నుంచి వచ్చింది. రాసినామె సివిల్ ఇంజినీరు, వయసు ఇరవై ఏడు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం ఐదు పేజీలు ఉంది కాబట్టి అసలు సంగతి చెడకుండా కుదించి ఇస్తున్నాను.

అమలాపురానికి దగ్గరలో, కాలువ గట్టు పక్కన ఒక ఫంక్షన్ హాలు కడుతున్నారు. కింద భోజనాల హాలు, మొదటి అంతస్తులో పెళ్లి మండపం, ఆ పైన గదులు. యజమానులు అన్నదమ్ములు. అన్నగారు ఊళ్లోనే ఉంటారు, తమ్ముడు మస్కట్‌లో. ఆర్కిటెక్టు రాజమండ్రిలో, స్ట్రక్చరల్ డిజైనరు హైదరాబాదులో. మనుషులు ఇన్ని చోట్ల ఉన్నారని కాంట్రాక్టరు గారు నిరుడు ఒక క్లౌడ్ యాప్ తెచ్చారు. డ్రాయింగులు, సైట్ నుంచి అడిగే సందేహాలు, రోజువారీ రిపోర్టు, ఫొటోలు అన్నీ అందులోనే. డ్రాయింగు మారినప్పుడల్లా సంబంధించిన ప్రతి ఒక్కరూ తెరిచి ‘చూశాను’ అని నొక్కాలి.

సైట్ సూపర్‌వైజరు ఈమె నాన్నగారి స్నేహితుడు. ఈమె ఆయన్ని బాబాయి అని పిలుస్తారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ముప్పై ఏళ్ల అనుభవం. ఈమెకు ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. “బాబాయికి యాప్ అలవాటు కాలేదండీ. ఫోన్లో అంకెలు కనబడటం లేదంటారు. లాగిన్ నేనే చేసిపెట్టాను, పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. ఆయన పేరు పక్కన ఎర్రగా పెండింగ్ అని చూపిస్తే ఆఫీసు నుంచి ఫోన్ చేసి మాటలనేవారు. అది వినలేక ఆయన లాగిన్‌తో నేనే నొక్కేసి, మర్నాడు సైట్లో నోటితో చెప్పేదాన్ని. నాలుగు నెలలు అలాగే నడిచింది.”

ఒక గురువారం రాత్రి మండపం స్లాబు డ్రాయింగు ఆర్2, అంటే మార్చిన కొత్త ప్రతి, యాప్‌లోకి ఎక్కింది. లిఫ్టు కొలతలు మారడంతో లిఫ్టు పక్క బీము 230 మిల్లీమీటర్లు, అంటే తొమ్మిది అంగుళాలు జరగాలి. స్లాబు ఆదివారం. ఈమె అప్పుడు పెద్దమ్మ కూతురి పెళ్లికి తణుకు వెళ్లే బస్సులో ఉన్నారు. బస్సులోనే తన లాగిన్‌తో ఒకసారి, ఆయన లాగిన్‌తో ఒకసారి నొక్కారు. పొద్దున ఫోన్ చేసి చెబుదామనుకుని పెళ్లి హడావుడిలో మర్చిపోయారు. షెడ్డు గోడకు పాత ప్రతి ఆర్1 ప్రింటే అంటించి ఉంది. ఆదివారం ఆ ప్రకారమే స్లాబు పడిపోయింది. తర్వాత బీము పగలగొట్టి, రంధ్రాలు వేసి, కెమికల్‌తో కొత్త రాడ్లు నాటి, డిజైనరు చెప్పిన చోట మళ్లీ పోశారు. పదకొండు రోజుల పని పోయింది, లక్షా ఎనభై వేలు ఖర్చయింది.

“మీటింగులో కాంట్రాక్టరు గారు టీవీ మీద చూపించారు. సూపర్‌వైజర్, చూశారు, గురువారం రాత్రి 9.14 అని ఉంది. బాబాయి ‘నేను చూడలేదండీ’ అన్నారు. అందరూ ఆయన అబద్ధం చెబుతున్నట్టు చూశారు. నెలకు పదివేలు చొప్పున జీతంలో కోత అన్నారు. బాబాయి నావైపు ఒక్కసారి చూసి తల దించుకున్నారు. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, ఇంట్లో నా జీతమే ఆధారం. చెప్పకపోతే ఆయన పరువు పోతోంది. మానేసి హైదరాబాదు వెళ్లిపోదామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?”

అమ్మా,

మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బాబాయి మీవైపు ఒక్కసారి చూసి తల దించుకున్నారని రాశారు కదా, అక్కడ. పాస్‌వర్డ్ మీ దగ్గర ఉందని ఆయనకు తెలుసు. ఆ రాత్రి నొక్కింది ఎవరో ఆయనకు ఆ క్షణంలోనే తెలిసిపోయి ఉంటుంది. “నా లాగిన్ అమ్మాయి దగ్గరుందండీ” అని ఒక్క మాట అంటే ఆయన బయటపడేవారు. అనలేదు. “నేను చూడలేదు” అన్న నిజం వరకే చెప్పి, మీ పేరు రాకుండా ఆగిపోయారు. మీరు రహస్యం అనుకుంటున్నది ఆయన దగ్గర రహస్యం కాదు. ఆయన ఎదుట ఎలా నిలబడాలన్న భయం ఏదైనా ఉంటే, దాన్ని ముందు ఇలా చూడండి.

జరిగినదాంట్లో మీ తప్పెంతో, ఎవరెవరిది ఎంతో విడదీద్దాం. మీరు మొత్తం నెత్తిన వేసుకున్నారు, మీటింగులో మొత్తం ఆయన నెత్తిన వేశారు. రెండూ సరికాదు.

మీవి రెండు తప్పులు. ఇంకొకరి పేరుతో నొక్కడం ఒకటి, మారిన సంగతి చేరవేయకపోవడం రెండోది. రెండోది మరుపు, అది ఎవరికైనా జరుగుతుంది. మొదటిది మరుపు కాదు, నాలుగు నెలల అలవాటు. కానీ వీటి పక్కనే ఇంకా కొన్ని ఉన్నాయి. ఆదివారం స్లాబు పెట్టుకుని గురువారం రాత్రి బీము స్థానం మార్చిన డ్రాయింగును యాప్‌లో పడేసి ఊరుకున్నారు, ఒక్క ఫోన్ చేయలేదు. అప్పటికి సెంట్రింగ్ అయిపోయి రాడ్డు కడుతుంటారు. అలాంటి మార్పు వస్తే చేయాల్సింది స్లాబు ఆపమని చెప్పడం. అది ఆర్కిటెక్టు ఆఫీసు బాధ్యత, కాంట్రాక్టరు ఆఫీసు బాధ్యత కూడా. ఇక కాంక్రీటు వేసే ముందు పోర్ కార్డు మీద సంతకాలు పెడతారు కదా. అందులో డ్రాయింగు నంబరు, రివిజన్ (ఆర్1, ఆర్2 లాంటి మార్పు నంబరు) రాసే గడి ఖాళీగా వదిలేశారని మీరే ఉత్తరం చివర రాశారు. ఆ గడి నింపాలని ఎవరైనా పట్టుబట్టి ఉంటే శనివారం సాయంత్రమే దొరికిపోయేది. షెడ్డు గోడ మీది ఆర్1 సంగతి సరే సరి. యాప్‌లో కొత్తది ఎక్కగానే పాతది తనంతట తాను వెనక్కి పోతుంది గానీ, గోడ మీది కాగితం తనంతట తాను ఊడిపోదు. దాన్ని తీసే పని ఫలానా మనిషిదని ఎవరూ చెప్పలేదు.

ఇవన్నీ మీ తప్పు తేలిక చేయడానికి చెప్పడం లేదు. కోత పెట్టేముందు వీటి గురించి ఎవరూ అడగలేదు, అందుకు చెబుతున్నాను. అడగకపోవడానికి కారణం ఆ టీవీ మీద కనబడిన ఒక్క వరుస. దాన్ని చూడగానే విచారణ ముగిసిపోయింది.

ఆ వరుస ఎంత బరువైనదో మన ప్రాంతం వాళ్లకు ఒక రకంగా చెప్పవచ్చు. వరద వచ్చినప్పుడు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉన్నవాళ్లు గోదావరిని చూసి కాదు, ఆ అంకె విని గొడ్లను గట్టెక్కిస్తారు, పిల్లల్ని పడవెక్కిస్తారు. ఆ గేజీ దగ్గరి మనిషి అలిసిపోయాడని, పక్కవాడు జాలితో చూడకుండానే అంకె రాసి పంపాడనుకోండి. అతని మనసు మంచిదే కావచ్చు. కానీ ఆ అంకెను నమ్మి లంకలో పడుకున్నవాళ్ల మాటేమిటి? మీ యాప్‌లో ‘చూశాను’ అన్నది అలాంటి అంకె. హైదరాబాదులో డిజైనరు దాన్ని చూసి సైటుకు మార్పు చేరిందని నిశ్చింతగా ఉన్నారు. మస్కట్‌లో తమ్ముడు దాన్ని చూసి డబ్బు పంపుతున్నారు.

ఇక్కడే మీరు ఉత్తరంలో తాకని విషయం ఒకటి ఉంది. నాకు మీ ఉద్యోగం కంటే, కోత కంటే అదే పెద్దదిగా కనబడుతోంది. ఆ నాలుగు నెలల్లో ఆయన పేరుతో మీరు ఇంకా ఎన్ని డ్రాయింగులకు నొక్కారు? నోటితో చెప్పానంటున్నారు, అన్నీ చెప్పారా? చెప్పినవన్నీ కొలతలతో సహా చెప్పారా? బీము తొమ్మిది అంగుళాలు తప్పితే లిఫ్టు పట్టదు కాబట్టి బయటపడింది. రాడ్ల మధ్య దూరం మారినా, కవరు, అంటే రాడ్డు మీద ఉండే కాంక్రీటు మందం, మారినా కాంక్రీటు పడ్డాక కంటికి కనబడదు. సముద్రపు గాలి తగిలే చోట్లకు కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటు బలం కనీసం ఎం30 గ్రేడు, రాడ్డుకు కవరు కనీసం 45 మిల్లీమీటర్లు ఉండాలి. లోపలి ప్రాంతాల్లో 20తోనో 30తోనో సరిపెట్టుకోవడం అలవాటైన మేస్త్రీలకు ఆ మార్పు ఎవరో ఒకరు దగ్గరుండి చెప్పాలి. పైగా మండపం స్లాబు మామూలు ఇంటి స్లాబు కాదు. జనం గుమిగూడే హాలుకు, కుర్చీలు బిగించని చోట, చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్లు లెక్క కడతారు. అంటే సుమారు ఐదు వందల కిలోలు. గదులకు కట్టేది 2 మాత్రమే. తలంబ్రాల వేళ అక్కడ నిలబడేది వందలమంది.

కాబట్టి ఇది మీకూ బాబాయికీ మధ్య అభిమానం విషయంగా మిగలదు. ఈ దృష్టితో మీ ముందున్న దారులు చూద్దాం.

ఊరుకోవడం ఒక దారి. ఉద్యోగం నిలుస్తుంది, కొన్నాళ్లకు అందరూ మర్చిపోతారు. మీరు రహస్యంగా నెలకు పదివేలు ఆయనకు సర్దుదామని కూడా ఉత్తరంలో ఒకచోట అన్నారు. డబ్బు సర్దవచ్చు. కానీ చూసి కూడా చూడలేదని బొంకాడన్న మాట ఆయన పేరు మీద ఉండిపోతుంది. మన వైపు సైట్లలో ఆ మాట రావులపాలెం దాటకముందే భీమవరం చేరుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. రేపు యజమానులకూ కాంట్రాక్టరుకూ బిల్లు దగ్గర పేచీ వస్తే ఆ యాప్ రికార్డులే బయటికి తీస్తారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డుల గురించే. వాటిని కోర్టులో పెట్టాలంటే ఆ రికార్డుల బాధ్యుడూ ఒక నిపుణుడూ సర్టిఫికెట్ మీద సంతకం చేయాలి. చాలా యాప్‌లలో ఏ ఫోన్ నుంచి, ఎప్పుడు లాగిన్ అయ్యారో కూడా వెనకాల నమోదై ఉంటుంది. అప్పుడు బయటపడటం వేరు, ఇప్పుడు మీరే చెప్పడం వేరు.

వెళ్లిపోవడం రెండో దారి. హైదరాబాదులో ఉద్యోగం దొరకవచ్చు, మీ చదువుకు లోటు లేదు. కానీ మీరు వెళ్లిన మర్నాడు ఆయనకు ఎవరు సాక్ష్యం? ఆ డ్రాయింగుల్లో ఏవి చేరాయో ఏవి చేరలేదో తెలిసిన మనిషి మీరొక్కరే. వెళ్లాలనుకుంటే ఆ లెక్క తేల్చి, కాగితం మీద పెట్టి వెళ్లండి. అప్పుడు నేను వద్దనను.

చెప్పేయడం మూడో దారి. నా మనసు ఇటే మొగ్గుతుంది, దాచను. కానీ దీనికి ఖర్చుంది. కాంట్రాక్టరు గారు కోపంతో మిమ్మల్ని మాన్పించవచ్చు. ఆ కోత మీ జీతానికి మార్చవచ్చు. యజమానుల ముందు తన యాప్ రికార్డు తప్పని తేలడం ఆయనకు చిన్నతనం, కాబట్టి “ఇది ఇక్కడితో వదిలెయ్” అని మీ నోరే మూయించవచ్చు. ఈ మూడింటిలో ఏది జరిగితే ఏం చేస్తారో ముందే ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడుకోండి. రెండు మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా ఏముందో చూసుకోండి. ఒంటరిగా నిర్ణయం తీసుకుని వెళ్లకండి.

చెప్పదలిస్తే వరస ముఖ్యం. ముందు కాంట్రాక్టరు దగ్గరికి కాదు, బాబాయి ఇంటికి వెళ్లండి. సైట్లో పదిమంది మధ్య కాదు, సాయంత్రం ఇంట్లో. “నొక్కింది నేనే, రేపు ఆఫీసులో చెప్పబోతున్నాను” అని చెప్పండి. “వద్దమ్మా, నీ ఉద్యోగం పోతుంది” అంటారు బహుశా. ఆ మాటతో మీరు ఆగిపోతే ఆయన త్యాగం మీద మీరు నిలబడ్డట్టు అవుతుంది. అందుకే అనుమతి అడగడానికి కాకుండా, తెలియజెప్పడానికి వెళ్లండి. అక్కడే ఇద్దరూ కూర్చుని నాలుగు నెలల జాబితా ముందు పెట్టుకోండి. ఏ రివిజన్ ఆయనకు తెలుసు, ఏది తెలియదు, తెలియనివి ఏ భాగంలో ఉన్నాయి. ఆయన జ్ఞాపకశక్తి మీకు యాప్ కంటే ఎక్కువ చెబుతుంది.

తర్వాత ఆ జాబితాతోనే కాంట్రాక్టరు గారి దగ్గరికి. ఏడుస్తూ ఒప్పుకోలులా కాకుండా ఇంజినీరుగా మాట్లాడండి. ఫలానా తేదీ నుంచి సూపర్‌వైజరు గారి లాగిన్‌తో పడినవి నేను నొక్కినవి, వాటిలో ఇన్ని ఆయనకు చేరాయి, ఇన్ని చేరలేదు, చేరనివాటిలో కట్టేసిన భాగాలు ఇవి, వీటిని డిజైనరు చేత చూపించాలి. నష్టం కబురు తెచ్చిన మనిషి, దాంతోపాటు రాబోయే పెద్ద నష్టం తప్పించే జాబితా కూడా తెస్తే, కోపం ఉన్న కాంట్రాక్టరు కూడా రెండోసారి ఆలోచిస్తాడు. కోత సంగతి కూడా అప్పుడే ఎత్తండి. నష్టం పేరుతో జీతం కోసేముందు ఆ మనిషికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలన్నది వేతనాల చట్టంలో ఉన్న మాటే. బాబాయికి ఆ అవకాశం మీటింగులో దొరకలేదు.

యాప్‌లో పాత నమోదులు చెరపడానికి మాత్రం ప్రయత్నించకండి, ఎవరు చెప్పినా సరే. మీకు ఎం-బుక్, అదే పని కొలతలు రాసే పుస్తకం, తెలుసు కదా. పేజీలకు అచ్చు నంబర్లుంటాయి, చింపకూడదు, చెరపకూడదు. తప్పు పడితే ఒక గీత కొట్టి, సరైనది రాసి, పక్కన పొడి సంతకం, తేదీ. యాప్‌లోనూ అంతే. పాతది అలాగే ఉంచి, మీ సొంత లాగిన్‌తో కింద సవరణ రాయండి.

ఎం-బుక్ పేరు ఎత్తాను కాబట్టి బాబాయి గురించి ఒక మాట. ఆయనకు యాప్ రాదని మీరు తీర్మానించుకున్నారు. నాకలా అనిపించడం లేదు. ముప్పై ఏళ్లు సంతకాల విలువ తెలిసి పనిచేసిన మనిషికి “ఇది మన ఎం-బుక్ లాంటిదే బాబాయ్, మీ పేజీలో నేను సంతకం పెట్టకూడదు” అంటే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ఆయనకున్న అడ్డంకి ఫోన్లో అంకె కనబడకపోవడం. ఏ1 సైజు పెద్ద కాగితం మీద గీసిన బొమ్మను అరచేతిలో తెర మీద చదవమంటే నేను కూడా చదవలేను. షెడ్డులో పది అంగుళాల ట్యాబ్ ఒకటి పెట్టమని అడగండి. చాలా యాప్‌లలో డ్రాయింగులు ముందే దించుకుని సిగ్నల్ లేకపోయినా చూసుకోవచ్చు. కాకపోతే పొద్దున్నే నెట్ ఉన్నచోట ఒకసారి సింక్ చేయాలి, లేకపోతే నిన్నటిదే చూపిస్తూ ఉంటుంది. కాలువ గట్టు మీద మీ సైటుకు సిగ్నల్ సరిగ్గా రాదన్నారు, ఇది మర్చిపోవద్దు.

కాగితం పూర్తిగా మానేయాలని కూడా లేదు. మేస్త్రీ, రాడ్డు కట్టేవాళ్లు కాగితం చూసే పనిచేస్తారు, చేయనివ్వండి. ప్రింటు తీసే మనిషి ఒక్కరే ఉండాలి. ప్రతి ప్రింటు మూల తేదీ, రివిజన్ ఉండాలి. దాని మీద క్యూఆర్ కోడ్ ఒకటి వేస్తే, ఎవరైనా ఫోన్ చూపించి ఇది తాజాదా కాదా చూసుకోవచ్చు. కొత్తది అంటించే చేతితోనే పాతది తీసి, ఎర్ర సిరాతో అడ్డంగా ‘రద్దు’ అని రాసి ఫైల్లో పెట్టాలి. బాబాయి కాగితం మీద సంతకం పెడితే, దాన్ని ఫొటో తీసి మీరు మీ లాగిన్‌తో ఎక్కించండి. “సూపర్‌వైజరు గారికి చూపించి సంతకం తీసుకున్నాను” అని మీ పేరుతో ఉంటుంది. అది నిజం, మీరు నిలబడగలిగిన నిజం.

ఇలాంటి సమాచారం పంచుకునే పద్ధతికి ఐఎస్ఓ 19650 అని ఒక ప్రమాణం ఉంది, 2018లో వచ్చింది. అందులో ప్రతి డ్రాయింగుకు స్థితి ఉంటుంది. గీస్తున్న దశ ఒకటి, ఇతరులకు చూపించే దశ ఒకటి, పనికి విడుదలైన దశ ఒకటి, ఆ తర్వాత దాచిపెట్టే దశ. మీ సైటుకు అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు గానీ రెండు నియమాలు తీసుకోమని కాంట్రాక్టరు గారికి చెప్పండి. విడుదలైన డ్రాయింగు తప్ప షెడ్డులోకి ఏదీ రాకూడదు, స్లాబుకు మూడు రోజుల ముందు నుంచి ఏ మార్పు వచ్చినా యాప్‌తో పాటు ఫోన్ కూడా చేయాలి, అవతలివాళ్లు అంకె తిరిగి చెప్పాలి. యాప్ వద్దు, అందరం వాట్సాప్ గ్రూపులోనే చూసుకుందాం అని ఇప్పుడు కొందరు అంటారు. ఒప్పుకోకండి. అందులో ఆర్1, ఆర్2, గుడ్‌మార్నింగ్ బొమ్మలు ఒకే వరుసలో పోతాయి, ఫొటోగా పంపిన డ్రాయింగు మసకబారుతుంది, పంపినవాళ్లు తర్వాత తీసేయవచ్చు కూడా.

నా వయసులో ఉన్నవాడిగా ఇంకొకటి చెబుతాను. ముప్పై రెండేళ్ల వయసులో ఒక సైట్లో, నేను లేని రోజు పోసిన కాంక్రీటు క్యూబులకు (బలం పరీక్షించే దిమ్మలకు) నేను ఉన్నట్టు రిజిస్టరులో సంతకం పెట్టాను. మా మేస్త్రీకి ఇబ్బంది కాకూడదని. పెద్దాయన ఒకరు అది పట్టుకుని, పదిమందిలో అరవకుండా, పక్కకు పిలిచి నాచేతనే దిద్దించారు. ఆ రోజు నా చెయ్యి వణికింది. ఉద్యోగం పోలేదు. మీకూ పోదని నేను హామీ ఇవ్వలేను. మీ కాంట్రాక్టరు ఎలాంటి మనిషో మీకు తెలిసినంత నాకు తెలియదు.

వెళ్లే ముందు రోజు ఒక పని చేయండి. లిఫ్టు దగ్గర కొత్తగా పోసిన బీముకు తీసిన క్యూబుల 7 రోజుల ఫలితం వచ్చి ఉంటుంది, 28 రోజులది రావాల్సి ఉంటుంది. నాటిన రాడ్లకు లాగి చూసే పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే డిజైనరును అడిగి చేయించండి. ఆ ఫలితాలన్నీ మీ పేరుతో, మీ లాగిన్‌తో ఎక్కించండి. బాబాయి చూడాల్సినవి బాబాయి చేతికే ట్యాబ్ ఇచ్చి, పక్కన నిలబడి, ఆయన వేలితోనే నొక్కించండి.